తాళంచెవి ఎవరిది వారి జేబులోనే

(రిచ్‌మండ్ హిల్‌లో మన వేదిక వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం. చదువుకోవడానికి వీలుగా కొద్దిగా సవరించి ఇస్తున్నాం.)

వారానికి ఒక్క రోజు సెలవు. ఆ రోజే బట్టలుతుక్కోవాలి, సరుకులు తెచ్చుకోవాలి, ఇంటికి వీడియో కాల్ చేయాలి, వీలైతే బేవ్యూ రోడ్డు మీది వినాయకుడి గుడికి వెళ్లి రావాలి. ఇవన్నీ పక్కన పెట్టి వచ్చారు కాబట్టి సూటిగా విషయానికి వచ్చేస్తాం. మేము కంప్యూటర్ల వాళ్లం కాదు, సైటు మీద పని చేయించే వాళ్లం. అయినా పాస్‌వర్డ్‌ల గురించి మాట్లాడమని కమిటీ వాళ్లు మమ్మల్నే అడిగారు. మా సైటులో జరిగిన ఒక సంగతే దానికి కారణం.

నిరుడు చలి మొదలయ్యే ముందు, ఒక శుక్రవారం. హైవే 7 దగ్గర కడుతున్న టవర్లో నాలుగో అంతస్తు గోడలకి కాంక్రీటు పోస్తున్నాం. మా జట్టులో వరంగల్ వైపు తమ్ముడు ఒకతను సెంట్రింగ్ పైన వంగి వైబ్రేటర్ పట్టుకుని ఉన్నాడు. పై జేబులోంచి ఫోను జారింది. రెండు పలకల మధ్యకి, కడ్డీల సందులోకి పోయింది. పైన పంపు నడుస్తూనే ఉంది. ఆపమని ఎవరూ అనలేదు, అతను కూడా అనలేదు. సగం పోసిన గోడ ఆపితే అతుకు పడుతుందని అతనికీ తెలుసు. చూస్తుండగానే ఫోను మునిగిపోయింది. మధ్యాహ్నం అన్నం దగ్గర నవ్వుకున్నాం కూడా.

ఆ రాత్రి ఊరి నుంచి కబురొచ్చింది. వాళ్ల నాన్నకి గుండెనొప్పి, ఆస్పత్రిలో చేర్చారు, వెంటనే లక్షన్నర కట్టమన్నారు. రూమ్మేట్ ఫోనుకి చెల్లెలు చేసింది. డబ్బు లేక కాదు, ఇండియా బ్యాంకులో అతని పేరున ఉంది. కాని తీయడం ఎలా? బ్యాంకు యాప్ ఆ ఫోనులోనే. ఓటీపీ వచ్చే ఇండియా సిమ్ము ఆ ఫోనులోనే. పాస్‌వర్డ్‌లన్నీ ఆ ఫోను నోట్స్‌లోనే. ఇంకొకరి ఫోనులో ఈమెయిల్ తెరవబోతే, పోయిన నంబరుకే కోడ్ పంపామంది. ఇండియా సిమ్ముకి డూప్లికేట్ తీసుకుందామంటే అది వాళ్ల నాన్న పేరు మీద ఉంది. ఆయనేమో ఆస్పత్రి మంచం మీద. ఇక్కడి బ్యాంకు పాస్‌వర్డ్ కూడా గోడలోనే ఉంది. బ్యాంకు బ్రాంచి తెల్లారితే గాని తెరవరు.

ఆ రాత్రి బేస్‌మెంట్‌లో ఉన్న అయిదుగురూ తలా కొంత వేసి, ఒకరి ఖాతా నుంచి వాళ్ల చెల్లెలికి పంపించారు. పెద్దాయన బతికారు, ఇప్పుడు బాగానే ఉన్నారు. కాని ఆ రెండు మూడు గంటలు ఆ తమ్ముడి మొహం ఎలా ఉందో చూసిన వాళ్లెవరూ మర్చిపోలేదు. పదేళ్ల కష్టం బ్యాంకులో ఉంది, చేతికి అందదు.

ఎత్తు మీద వాడే ప్రతి పనిముట్టుకీ తాడు కట్టుకోమని మేమే రోజూ పొద్దున చెబుతాం. ఫోనుకి కట్టుకోమని చెప్పలేదు. అది సూపర్‌వైజర్లుగా మా తప్పు. ఫోనులో ఉన్నదానికి ఇంకోచోట కాపీ ఉందా అని ఎవరమూ ఎవరినీ అడగలేదు. అది మనందరి తప్పు.

మన తాతల నాడు ఇంటికి ఒక తాళం, పెట్టెకి ఒక తాళం. రెండూ అమ్మమ్మ కొంగున ఉండేవి. ఇప్పుడు మన దగ్గర ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఈమెయిల్, ఇక్కడి బ్యాంకు, టాక్సు ఖాతా, సర్వీస్ కెనడా ఖాతా, ఇమిగ్రేషన్ ఖాతా, ఫోను కంపెనీ, జీతం స్లిప్పుల యాప్, చేతిపని సర్టిఫికెట్ ఉన్నవాళ్లకి స్కిల్డ్ ట్రేడ్స్ ఒంటారియో పోర్టల్. అటువైపు ఇండియా బ్యాంకు, ఆధార్, పాన్, పీఎఫ్, ఎల్ఐసీ, యూపీఐ. ఫేస్‌బుక్, వాట్సాప్ సరే సరి. ఇరవై దాటతాయి. ఇరవై తాళాలున్న మనిషికి గుత్తి ఎక్కడ పెట్టాలో కూడా తెలియాలి కదా.

ఇది కొత్తగా నేర్చుకోవాల్సిన విద్యేమీ కాదు. సైటులో కరెంటు ప్యానెల్ మీద పని చేసేముందు ఏం చేస్తాం? బ్రేకర్ దించుతాం. దానికి పని చేసే మనిషి తన సొంత తాళం వేస్తాడు, తన పేరున్న ట్యాగ్ తగిలిస్తాడు, తాళంచెవి తన జేబులో వేసుకుంటాడు. ముగ్గురు పని చేస్తే మూడు తాళాలు. ఒకరి తాళం ఇంకొకరు తీయరు. సూపర్‌వైజర్ అడిగినా చెవి ఇవ్వకూడదు. ఎవరైనా తాళం మర్చిపోయి ఇంటికెళ్లిపోతే దాన్ని కోయడానికి పెద్ద తతంగం ఉంటుంది. ముందు ఆ మనిషికి ఫోన్ చేయాలి, లోపల ఎవరూ లేరని చూడాలి, కాగితం రాయాలి. ఎందుకంటే ఆ తాళం వెనక ఒక ప్రాణం ఉంది. మన పాస్‌వర్డ్‌ల వెనక కూడా మన బతుకే ఉంది. పర్మిట్టు, జీతం, పిల్లల చదువు, తల్లిదండ్రుల మందులు అన్నీ. అక్కడ పాటించే మూడు సూత్రాలే ఇక్కడ కూడా పాటిద్దాం. ఒక్కో తలుపుకి ఒక్కో తాళం. చెవి మన జేబులోనే. పోతే ఏం చేయాలో ముందే రాసి ఉండాలి.

మొదటిది, ఒక్కో తలుపుకి ఒక్కో తాళం. మనలో చాలామందికి ఒకటే పాస్‌వర్డ్. ఇంటిపేరో, కొడుకు పేరో, దేవుడి పేరో, దాని వెనక ఒక గుర్తు, ఒకటి రెండు మూడు. ఎక్కడ అడిగినా అదే. దీనివల్ల ఏమవుతుందో ఈ దేశమంతా చూసింది. 2020 ఆగస్టులో, కోవిడ్ కాలంలో, కెనడా ప్రభుత్వ ఖాతాల మీద దాడి జరిగింది. ప్రభుత్వం మొదట చెప్పిన లెక్క ప్రకారం 9,041 జీసీకీ ఖాతాలు, దాదాపు 5,500 సీఆర్ఏ టాక్సు ఖాతాలు దొంగల పాలయ్యాయి. కొన్ని ఖాతాల్లో బ్యాంకు నంబరు మార్చి, అప్పట్లో నాలుగు వారాలకి 2,000 డాలర్లు ఇచ్చే సెర్బ్ సహాయానికి వాళ్ల పేరు మీద దరఖాస్తు పెట్టారు. ఆ ఖాతాల పాస్‌వర్డ్‌లు దొంగలకి ఎక్కడివి? అంతకుముందు వేరే వేరే కంపెనీల నుంచి దొంగిలించిన పేర్లు, పాస్‌వర్డ్‌లు మూట కట్టుకుని తెచ్చి, ఇక్కడ ఒక్కొక్కటే పెట్టి చూశారు. రెండుచోట్లా ఒకటే పాస్‌వర్డ్ పెట్టుకున్న వాళ్ల తలుపులు తెరుచుకున్నాయి. ఎప్పుడో చెప్పులు కొన్న సైటులో పెట్టిన పాస్‌వర్డ్, మన టాక్సు ఖాతాకి దొంగచెవి అయిందన్నమాట.

మన ఈమెయిల్ అలాంటి దొంగల మూటల్లో ఉందో లేదో చూసుకోవచ్చు. ట్రాయ్ హంట్ అనే ఆస్ట్రేలియా నిపుణుడు 2013లో పెట్టిన ‘హ్యావ్ ఐ బీన్ పోన్డ్’ అనే సైటుంది. ఈమెయిల్ కొడితే ఏయే కంపెనీల నుంచి పోయిందో చూపిస్తుంది. ఉందని వస్తే బెంబేలు పడక్కర్లేదు. ఆ పాస్‌వర్డ్ ఇంకెక్కడెక్కడ వాడామో అక్కడ మార్చేయాలి.

మరి మంచి పాస్‌వర్డ్ ఎలా పెట్టుకోవాలి? పెద్దక్షరం, చిన్నక్షరం, అంకె, గుర్తు ఉండాలని, తరచూ మార్చాలని మనకి నూరిపోశారు. ఆ పద్ధతి 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో పని చేసిన బిల్ బర్ అనే ఆయన రాసిన పత్రం నుంచి బాగా వ్యాపించింది. దానివల్ల జనం ఏం చేశారంటే, పాత పాస్‌వర్డ్ చివర ఒకటి తీసి రెండు పెట్టారు. 2017లో ఆ సంస్థే పద్ధతి మార్చేసింది. ఊరికే మార్చనక్కర్లేదు, పొడుగ్గా ఉండడం ముఖ్యం అంది. తను రాసినదాంట్లో చాలాదానికి పశ్చాత్తాపపడుతున్నానని ఆ ఏడాదే బర్ గారు కూడా ఒప్పుకున్నారు. కెనడా సైబర్ భద్రత కేంద్రం చెప్పేది కూడా అదే. కనీసం నాలుగు మాటలు, 15 అక్షరాలు ఉండేట్టు పెట్టుకోమంటుంది.

ఇక్కడ మన తెలుగు మనకి సాయం చేస్తుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు తీసుకుని ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి. గొంగళి, రంపం, మజ్జిగ, రైలుకట్ట. ఇలాగన్నమాట. ఇది పుస్తకంలో అచ్చవుతుంది కాబట్టి దీన్ని మాత్రం ఎవరూ వాడకండి! మనకి తెలిసిన మాటలు 2,000 అనుకున్నా, వాటిలోంచి నాలుగు మాటల వరసలు 16 లక్షల కోట్లు వస్తాయి. అయితే ఒక షరతు. మాటలు మనసుకి తోచినట్టు కాకుండా చీటీ తీసినట్టు రావాలి. తెలుగు పేపరు తెరిచి, కళ్లు మూసుకుని నాలుగుచోట్ల వేలు పెట్టండి. సినిమా పాట పల్లవి వద్దు, హీరో పేరు వద్దు, ఊరి పేరు వద్దు, పెళ్లిరోజు వద్దు. అవన్నీ మన ఫేస్‌బుక్ చూస్తే తెలిసిపోతాయి.

రెండోది, చెవి మన జేబులో ఉండడం. అసలు బాధంతా ఇక్కడే ఉంది. దొంగ ఎక్కడో దూరాన ఉంటాడనుకుంటాం. మన చెవి మాత్రం మన చేత్తోనే ఇచ్చేస్తుంటాం.

మా దగ్గరికి వచ్చిన ఇంకో కేసు చెబుతాం. ఒకన్నయ్య శాశ్వత నివాసానికి దరఖాస్తు చేశాడు. ఇంగ్లీషు కాగితాలంటే భయం, ఒక ఏజెంటుకి అప్పజెప్పాడు. ఆ ఏజెంటే ఈమెయిల్ తెరిచాడు, ఖాతా తెరిచాడు, పాస్‌వర్డ్ పెట్టుకున్నాడు. అన్నయ్యకి ఏదీ చెప్పలేదు, ఈయనా అడగలేదు. ఇంకో కాగితం పంపమని ఇమిగ్రేషన్ వాళ్లు రాసిన లేఖ ఆ ఖాతాలోకి వచ్చింది. ఏజెంటు చూడలేదో, చూసి ఊరుకున్నాడో, ఫోన్లు ఎత్తడం మానేశాడు. గడువు దాటిపోయింది. దరఖాస్తు తిరగ్గొట్టారని అన్నయ్యకి నెలల తర్వాత తెలిసింది. తన బతుకు మీద తనకే చెవి లేకుండా పోయింది.

అందుకని గట్టిగా చెబుతున్నాం. మన తరఫున పని చేసేవాళ్లకి మన పాస్‌వర్డ్‌తో పని లేదు. ఇమిగ్రేషన్‌లో లైసెన్సు ఉన్న కన్సల్టెంటుకీ, లాయరుకీ వాళ్ల సొంత పోర్టల్ ఉంటుంది. ఐఎంఎం 5476 అనే ఫారం మీద మనం సంతకం పెడితే వాళ్లు మన ప్రతినిధి అవుతారు. అదే ఫారంతో వాళ్లని తీసేయొచ్చు కూడా. కన్సల్టెంటుకి లైసెన్సు ఉందో లేదో, 2021 నవంబరు నుంచి పని చేస్తున్న ఇమిగ్రేషన్ కన్సల్టెంట్ల కాలేజీ పబ్లిక్ రిజిస్టర్‌లో పేరు కొట్టి చూడొచ్చు. టాక్సు కూడా అంతే. టాక్సు వేసేవాళ్లకి సీఆర్ఏ వాళ్ల దగ్గర ‘రిప్రజెంట్ ఎ క్లయింట్’ అని వేరే దారి ఉంది. మనం అనుమతిస్తే వాళ్ల చెవితో వాళ్లు వస్తారు. మన చెవి అడిగేవాళ్ల దగ్గర పని చేయించుకోవద్దు. ఇప్పటికే ఇచ్చి ఉంటే, ఇవాళే మన ఈమెయిల్, మన నంబరు పెట్టించి పాస్‌వర్డ్ మార్చుకోండి.

ఇంకా దగ్గరి వాళ్ల సంగతి. ఒకే బేస్‌మెంట్‌లో అయిదుగురం ఉంటాం. ‘అన్నా, నా యాప్‌లో చూడవా, పాస్‌వర్డ్ ఇదీ’ అని కేకేసి చెప్పేస్తాం. వాడు మంచివాడే. కాని వాడి ఫోను పోతే? వాడు రేపు ఆల్బర్టా వెళ్లిపోతే? రూమ్మేట్ మీద నమ్మకం లేక కాదు, రేపు డబ్బు తగ్గితే మొదట వాడి మీదే మనకి అనుమానం వస్తుంది. చెవి ఇవ్వకపోవడం స్నేహానికి కూడా మంచిది. బ్యాంకు పిన్ను రహస్యంగా ఉంచుకోవడం మన బాధ్యత అని ఖాతా తెరిచేటప్పుడు సంతకం పెట్టి ఉంటాం. మనమే ఎవరికో చెప్పి, తర్వాత డబ్బు పోయిందంటే బ్యాంకు దగ్గర మన మాట నిలవడం కష్టం.

ఓటీపీ కూడా చెవే, కాకపోతే ఒక్క పూట చెవి. ఫోన్ చేసి ‘మీకొచ్చిన కోడ్ చెప్పండి’ అనేవాడు బ్యాంకువాడైనా, సీఆర్ఏ అన్నా, మన భాషలో ‘అన్నగారూ’ అని పిలిచినా, చెప్పొద్దు. ఫోన్ పెట్టేసి, కార్డు వెనక ఉన్న నంబరుకి మనమే చేయాలి. యూపీఐ పిన్ను డబ్బు పంపడానికే. డబ్బు తీసుకోవడానికి పిన్ను కొట్టమని ఎవరన్నా అడిగారంటే, మన ఖాతా ఖాళీ చేయడానికే.

ఇంకో మాట. అద్దె డబ్బులు, చీటీ డబ్బులు ఈ-ట్రాన్స్‌ఫర్‌లో పంపుకుంటాం. దాంట్లో ఒక ప్రశ్న, ఒక జవాబు పెట్టాలి. ‘మన దేశం ఏది’ అని ప్రశ్న, ‘ఇండియా’ అని జవాబు పెట్టేవాళ్లం మనలో ఎంతమందిమి! తీసుకునే మనిషి ఈమెయిల్‌లోకి దొంగ దూరితే, ఆ జవాబు ఊహించి డబ్బు తన ఖాతాకి మళ్లించుకుంటాడు. జవాబుని అదే మెయిల్‌లో రాయడం మరీ తప్పు. డబ్బు తీసుకునేవాళ్లు ఆటోడిపాజిట్ పెట్టుకుంటే ప్రశ్నే అక్కర్లేదు, నేరుగా ఖాతాలో పడుతుంది.

మూడోది, పోతే ఏం చేయాలో ముందే రాసి ఉండడం. ఎక్కడ రాయాలి? పాస్‌వర్డ్ కాగితం మీద రాయకూడదని చాలామంది అంటారు. మా అనుభవంలో ఇంట్లో తాళం వేసిన పెట్టెలో ఉన్న నోటుపుస్తకం, అన్నిచోట్లా ఒకటే పాస్‌వర్డ్ వాడడం కంటే వెయ్యి రెట్లు మేలు. ఎక్కడో దూరాన ఉన్న దొంగ మన పెట్టె తెరవలేడు. పర్సులో పెట్టుకోవద్దు, సైటుకి తేవద్దు, దాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుకోవద్దు. ఈమెయిల్, బ్యాంకు లాంటి పెద్ద తాళాలకి ఒక కిటుకు ఉంది. నాలుగు మాటల్లో మూడే రాయండి. నాలుగోది తలలో పెట్టుకోండి. పుస్తకం ఎవరి చేతిలో పడినా తలుపు తెరుచుకోదు.

ఫోను బాగా వాడగలిగే వాళ్లు పాస్‌వర్డ్ మేనేజర్ వాడండి. గూగుల్‌లోను, యాపిల్ ఫోన్లలోను అది ఊరికే వస్తుంది. బిట్‌వార్డెన్ ఉచితంగా ఉంది. డబ్బు కట్టి వాడే వన్‌పాస్‌వర్డ్ అయితే మన టొరంటో కంపెనీదే. ప్రతి తలుపుకీ కొత్త తాళం అదే తయారు చేస్తుంది, అదే గుర్తుంచుకుంటుంది. మనం గుర్తుంచుకోవాల్సింది ఒక్క పెద్దచెవి. ఆ ఒక్కటి మాత్రం గట్టిగా ఉండాలి. 2022లో లాస్ట్‌పాస్ అనే మేనేజర్ కంపెనీ నుంచి జనం పెట్టెల కాపీలు దొంగలు ఎత్తుకుపోయారు. పెట్టెలకి తాళాలు వేసే ఉన్నాయి కాని, పెద్దచెవి బలహీనంగా పెట్టుకున్నవాళ్లకే ఎక్కువ ముప్పు వచ్చింది.

అన్నిటికంటే ముందు ఈమెయిల్. మిగతా ఏ పాస్‌వర్డ్ మర్చిపోయినా కొత్తది ఈమెయిల్‌కే వస్తుంది. అంటే ఈమెయిల్ చేతిలో ఉన్నవాడికి మిగతా గుత్తంతా ఉన్నట్టే. దానికి రెండంచెల తాళం పెట్టండి. పెట్టిన రోజే బ్యాకప్ కోడ్‌లు రాసుకోండి. గూగుల్ అయితే పది కోడ్‌లు ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారే పనికొస్తుంది. ఆ కాగితం పుస్తకంలో ఉంటే ఫోను గోడలో పడినా ఈమెయిల్ తెరుచుకుంటుంది. మా తమ్ముడి దగ్గర ఆ రాత్రి ఆ ఒక్క కాగితం ఉన్నా సగం బాధ తీరేది.

తర్వాత ఇండియా సిమ్ము. ప్రీపెయిడ్ సిమ్ము 90 రోజులు వాడకుండా, బ్యాలెన్సు లేకుండా వదిలేస్తే కంపెనీ దాన్ని ఆపేయొచ్చు. కొన్నాళ్లకి ఆ నంబరు ఇంకొకరికి ఇస్తారు. మన ఓటీపీలు ముక్కూమొహం తెలియని మనిషికి వెళతాయి. కాబట్టి మూడు పనులు చేయండి. రీచార్జి తప్పనివ్వకండి. సిమ్ము మీ పేరు మీదే ఉందో లేదో చూసుకోండి. మీ ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలకి కెనడా నంబరు పెట్టడానికి వీలుందేమో బ్యాంకుని అడగండి. 2023 జనవరిలో కెనడాతో సహా పది దేశాల నంబర్లతో ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలకి యూపీఐ వాడుకోవడానికి అనుమతి ఇచ్చారు. ఆధార్‌కి మాత్రం ఇండియా నంబరే కావాలి, అందుకే సిమ్ము బతికుండాలి.

ఇప్పుడు చెప్పబోయేది ఎవరికీ వినాలని ఉండదు. మన పని ఎత్తు మీద. వర్కింగ్ ఎట్ హైట్స్ ట్రెయినింగ్ మూడేళ్లకోసారి మళ్లీ తీసుకుంటున్నాం, బెల్టు కట్టుకుంటున్నాం, అయినా జరగరానిది జరగొచ్చు. రోడ్డు మీద జరగొచ్చు, మంచులో జరగొచ్చు. అప్పుడు ఊళ్లో ఉన్న భార్యకి మన డబ్బు ఎక్కడెక్కడ ఉందో తెలుసా? ఏ బ్యాంకు, ఏ బ్రాంచి, ఏ ఇన్సూరెన్సు, ఇక్కడి యూనియన్‌లో ఏం రావాలి, ఏదన్నా తెలుసా? చాలామంది ఇళ్లలో తెలియదు. పిన్నులు, పాస్‌వర్డ్‌లు చెప్పమని మేము అనడం లేదు. అది బ్యాంకు ఒప్పుకోదు, అవసరం కూడా లేదు. ఖాతాల జాబితా ఒకటి రాసి, కవరులో పెట్టి, అంటించి ఇంట్లో ఇవ్వండి. ఖాతాల్లో నామినీ పేరు ఉందో లేదో చూసుకోండి. ఎన్ఆర్ఈ ఖాతాలో ఊళ్లో ఉన్న దగ్గరి బంధువుని, మన తర్వాత వాళ్లకి చెందేట్టు, జాయింటుగా చేర్చుకోవచ్చు. ఫొటోలు, మెయిళ్ల కోసం గూగుల్‌లోను, యాపిల్‌లోను మన తర్వాత ఎవరికి అందాలో పేరు పెట్టుకునే వీలుంది. జాబితా రాసి ఇవ్వడం అశుభం కాదండీ. రోజూ పొద్దున బెల్టు కట్టుకుంటున్నాం కదా, అది అశుభమా?

ఇవన్నీ చేసినా ఒక్కోసారి పోతుంది. పోయిందని తెలిసిన వెంటనే చేయాల్సిన పనుల వరస పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. ఒకటి, ఇంకొకరి ఫోను నుంచి బ్యాంకుకి కాల్ చేసి ఖాతా ఆపించాలి. రెండు, ఫోను కంపెనీకి చెప్పి సిమ్ము ఆపించాలి, గుర్తింపు కార్డు చూపించి కొత్తది తీసుకోవాలి. మూడు, ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చాలి. నాలుగు, మోసం జరిగితే పోలీసులకి చెప్పి, కెనడా యాంటీ ఫ్రాడ్ సెంటర్‌కి 1-888-495-8501 నంబరుకి ఫోన్ చేయాలి. ఇండియా ఖాతాలో జరిగితే అక్కడి సైబర్ నేరాల నంబరు 1930. ఇంటివాళ్ల చేత చేయించండి. అయిదు, సిన్ నంబరు బయటపడిందని అనుమానం ఉంటే ఈక్విఫాక్స్‌కీ, ట్రాన్స్‌యూనియన్‌కీ చెప్పి మన పేరు మీద మోసం హెచ్చరిక పెట్టించాలి. సిగ్గుపడి దాచుకోవద్దు. చదువుకున్న వాళ్లు కూడా మోసపోతున్నారు. ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు దూరం వెళ్లిపోతుంది.

ఇంత పెద్ద జాబితా విని ఇంటికెళ్లి ఏమీ చేయకుండా పడుకుంటామని మాకు తెలుసు. మేమూ అంతే. అందుకని ఈ రాత్రికి మూడే పనులు పెట్టుకుందాం. ఈమెయిల్‌కి కొత్త నాలుగు మాటల పాస్‌వర్డ్ పెట్టడం. బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాయడం. ఆ కాగితాన్ని తాళం ఉన్న పెట్టెలో పెట్టడం. అరగంట పని. మిగతావి వారానికొకటి చేసుకుందాం. ఫోను వాడడం రాని పెద్దవాళ్లు, కొత్తగా వచ్చిన తమ్ముళ్లు ఎవరైనా ఉంటే, మేము పక్కన కూర్చుని చూపిస్తాం. కాని పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు మొహం అటు తిప్పుకుంటాం. మీరు చెప్పబోయినా వినం. ముందే చెబుతున్నాం, ఏమీ అనుకోవద్దు.

ఆ తమ్ముడు ఇప్పటికీ మా జట్టులోనే ఉన్నాడు. జేబుకి జిప్పు కుట్టించుకున్నాడు, ఫోనుకి తాడు కట్టుకున్నాడు, ఇంట్లో పుస్తకం పెట్టుకున్నాడు. ఇండియా సిమ్ము తన పేరు మీదికి మార్పించుకున్నాడు. పాత ఫోను మాత్రం ఆ గోడలోనే ఉంది. రేపు అందులో ఎవరో కాపురం ఉంటారు, గోడకి పిల్లల ఫొటోలు తగిలించుకుంటారు. దాని లోపల మన తమ్ముడి పదేళ్ల తాళాల గుత్తి ఉందని వాళ్లకేం తెలుస్తుంది?